లైట్లు ఆర్పినా ఆగని కొట్లాట

అందరూ ఇరవై ఏళ్లలోపు కుర్రాళ్లు. ఇంకో అరగంట ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడితే మెడల్ గ్యారంటీ. అలాంటి టీమ్ గొడవకి దిగి ఉత్త చేతులతో ఇంటికెళ్లింది! కెనడాలో ఐస్ హాకీ అంటే మనకి క్రికెట్ లెక్క. అందుకే 1987 జనవరి 4 గురించి అక్కడ ఇప్పటికీ మాట్లాడుకుంటారు.

అది వరల్డ్ జూనియర్ చాంపియన్‌షిప్. మన అండర్-19 వరల్డ్ కప్ టైపు అనుకోండి. అప్పటి చెకోస్లొవేకియాలో, పియెష్టనీ అనే ఊళ్లో జరిగింది. ఆ రోజుల్లో ఫైనల్ ఉండేది కాదు. అందరితో అందరూ ఆడాలి, చివర్లో పాయింట్లు లెక్కేసుకోవాలి. కెనడా ఆఖరి మ్యాచ్ సోవియట్ యూనియన్‌తో. ఓడినా కాంస్యం ఖాయం, గెలిస్తే వెండి, అయిదు గోల్స్ తేడాతో గెలిస్తే బంగారం. సోవియట్ వాళ్లు అప్పటికే మెడల్ రేసులో లేరు. పోయేదేం లేనివాడితో పెట్టుకోవద్దని మన పెద్దవాళ్లు ఊరికే అనరు.

రెండో పీరియడ్‌లో కెనడా 4-2తో ముందుంది. పావెల్ కోస్టిచ్‌కిన్ స్టిక్‌తో థియో ఫ్లూరీని కొట్టాడు. ఇద్దరూ కలబడ్డారు, పక్కనున్నవాళ్లూ తోడయ్యారు. ఇంతలో సోవియట్ బెంచ్ మీంచి ఒకడు ఐస్ మీదికి దూకాడు. అంతే, రెండు బెంచీలూ ఖాళీ! రిఫరీ వల్ల కాలేదు. చివరికి స్టేడియంలో లైట్లు ఆర్పేశారు. సిస్టమ్ హ్యాంగ్ అయితే మేం పవర్ ఆఫ్ చేసి చూస్తామే, అలాగన్నమాట. ఇక్కడది పనిచేయలేదు. చీకట్లోనూ కొట్టుకున్నారు. దాదాపు 20 నిమిషాలు!

రెండు టీముల్నీ టోర్నీ నుంచి తీసేశారు. బంగారం ఫిన్లాండ్‌కి, వెండి ఆతిథ్య దేశానికి, కాంస్యం స్వీడన్‌కి వెళ్లాయి.

నాకు మాత్రం ఈ కథలో గుర్తుండిపోయింది పియర్ టర్జన్. వయసు 17. టీమ్ మొత్తం కొట్లాటలో ఉంటే తను బెంచ్ మీదే కూర్చున్నాడు. రూల్ ప్రకారం అదే కరెక్ట్. కానీ తిట్లు పడింది అతనికే! తోటివాళ్లు దెబ్బలు తింటుంటే చూస్తూ కూర్చున్నాడని టీమ్‌మేట్లకే కోపం వచ్చింది. అతన్ని తప్పు పట్టలేను. అలాగని ఆ కోపం అర్థం కాదనీ అనలేను. ఇంజినీరింగ్ హాస్టల్లో గొడవంటే కారణం కూడా అడక్కుండా పరిగెత్తిన బ్యాచే మాది. ఆ బెంచ్ మీద నేనుంటే కూర్చునేవాణ్ణా? డౌటే.

ఆరు నెలలు తిరక్కుండానే ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొట్టమొదట పిలిచిన పేరు టర్జన్‌దే. కెరీర్ మొత్తంలో 1,327 పాయింట్లు కొట్టాడు. 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

మరి ఆ రోజు ఎదురెదురుగా ఉన్నవాళ్లో? కెనడా కుర్రాడు బ్రెండన్ షానహన్, సోవియట్ కుర్రాళ్లు సెర్గీ ఫెదరోవ్, వ్లదిమిర్ కాన్‌స్తాంతినోవ్ పదేళ్ల తర్వాత ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో తేలారు. 1997లో డెట్రాయిట్ రెడ్ వింగ్స్ జెర్సీలో ముగ్గురూ కలిసి స్టాన్లీ కప్ గెలిచారు.