కేప్ కాడ్ తీరానికి వేసవి రైలు

వేసవి వచ్చిందంటే అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో కేప్ కాడ్ తీరానికి జనం పోటెత్తుతారు. కేప్ కాడ్ కాలువ దాటడానికి కార్లకు ఉన్నవి బోర్న్, సాగమోర్ అనే రెండు వంతెనలే. రెండూ 1935 నాటివి. శుక్రవారం సాయంత్రం అటు, ఆదివారం ఇటు కార్లు బారులు తీరతాయి. రోడ్డును ఎంత వెడల్పు చేసినా వంతెన దగ్గర ఇరుకు తప్పదు.

2013లో మొదలైన కేప్‌ఫ్లయర్ రైలుకు ఆ బెడద లేదు. వేసవి వారాంతాల్లో బోస్టన్ సౌత్ స్టేషన్ నుంచి హయానిస్ దాకా నడిచే ఈ బండికి కాలువ మీద వేరే వంతెన ఉంది. రెండు ఎత్తైన బురుజుల మధ్య పట్టాలున్న భాగం మామూలుగా పైనే ఉంటుంది, కింద ఓడలు సాగిపోతాయి. రైలు వచ్చే వేళకు ఆ భాగం మెల్లగా కిందికి దిగుతుంది.

ఇందుకోసం కొత్త లైను వేయలేదు. రోజూ ఉద్యోగులను మోసే లోకల్ రైలు పెట్టెలనే వారాంతంలో వాడుకున్నారు. తెలివైన పని ఇది. సైకిళ్లకూ ఒక పెట్టె కేటాయించారు. స్టేషన్‌లో దిగాక బీచ్‌కు చేరే మార్గం లేకపోతే ఎవరైనా కారే తీస్తారు మరి. హయానిస్‌లో బస్సులు, నాన్‌టకెట్ దీవికి ఫెర్రీలు దొరుకుతాయి.

ఈ రైలు మార్గం దక్షిణ భాగంలో ఒకటే లైను కావడంతో ఎక్కువ రైళ్లు నడపడం కష్టం. అందుకే రద్దీ తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు.