కోబాల్టుకు కాంగో కళ్ళెం

విద్యుత్ కార్ల బ్యాటరీలకు వాడే కోబాల్టులో 70 శాతానికి పైగా కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్ గనులదే. ధర మాత్రం ఆ దేశం చేతిలో లేకపోయింది. అక్కడ కోబాల్టు రాగితోపాటు వచ్చే సరుకు. రాగికి గిరాకీ ఉన్నంతకాలం, కోబాల్టు ధర పడినా తవ్వకం ఆగదు. 2022లో పౌను 40 డాలర్ల దాకా పలికిన సరుకు, నిల్వలు పేరుకుపోయి 2025 ఆరంభంలో 10 డాలర్లకు దిగజారింది.

ఆ ఫిబ్రవరిలో కాంగో ఎగుమతులు నిలిపివేసింది. అక్టోబరు 16 నుంచి కోటాలు పెట్టింది. 2026, 2027లకు ఏటా 96,600 టన్నులే. ఏడాది ముగిసేసరికి ధర రెట్టింపు దాటింది. ఎత్తు పారినట్టే. అయితే శుద్ధి కర్మాగారాలు అత్యధికం చైనాలోనివి. పైగా కోబాల్టు అక్కరలేని ఇనుము-ఫాస్ఫేటు బ్యాటరీలు మార్కెట్లో సిద్ధంగా ఉన్నాయి. ధర మరీ బిగిస్తే కార్ల కంపెనీల బేరం అటు మళ్ళుతుంది.