మన ఇంటిపేరు వెనుక ఉన్న ఊరు

చిన్నారులూ! మీ తాతగారి తాతగారి పేరు చెప్పగలరా?

1834 తరువాత మారిషస్ చెరకు తోటలకు వెళ్ళిన కూలీలలో మన తెలుగువారూ ఉన్నారు. అక్కడి రిజిస్టర్లలో కూలీల పేరు, తండ్రి పేరు, సొంత ఊరు రాసేవారు. అవి నేడు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. వాటి సాయంతో మునిమనవలు తమ పూర్వీకుల గ్రామాలు వెతుక్కుంటున్నారు.

విమానమెక్కి సింగపూరు వచ్చిన మనకు అటువంటి రిజిస్టరు లేదు. మన మొదటి ఆధారం ఇంటిపేరే. చాలా ఇంటిపేర్లు ఊరి పేర్ల నుండి వచ్చినవే. కానీ ఇక్కడ అది తరచూ ఒక్క అక్షరంగా మిగిలిపోతోంది. పాత శుభలేఖలు, పొలం దస్తావేజులు కూడా ఉపయోగపడతాయి.

ఈ సెలవుల్లో అమ్మమ్మ, నానమ్మ, తాతయ్యలను అడిగి పేర్లు, ఊళ్ళు నోటుబుక్కులో రాసుకోండి. చెప్పేవారు ఉన్నప్పుడే అడగాలి కదా!