పాక్షిక దంతపంక్తి అమరికలో ఆధార దంతాల రక్షణ
దవడకు ఇరువైపులా వెనుక దంతాలు లేని స్థితిని ఎడ్వర్డ్ కెన్నెడీ 1925లో ప్రతిపాదించిన వర్గీకరణలో మొదటి తరగతిగా పేర్కొంటారు. ఇక్కడ తీసిపెట్టుకొనే పాక్షిక దంతపంక్తికి ముందువైపు సహజ దంతాలు, వెనుకవైపు చిగురు ఆధారం. నమిలేటప్పుడు చిగురు దంతాలకంటే ఎక్కువగా అణుగుతుంది. ఈ తేడాను పట్టించుకోకపోతే దంతపంక్తి మీటవలె పనిచేసి, క్లాస్ప్ పట్టుకొన్న దంతాన్నే వదులుచేస్తుంది.

అందుచేత వైద్యులు తుది అచ్చుకు ముందే ఆధార దంతాలపై చిన్న గుంటలు చెక్కి, నమిలే బలం దంతాల నిలువు అక్షం వెంట ప్రసరించేట్లు చూస్తారు. కోబాల్ట్-క్రోమియం చట్రం నోటిలో సరిగా కూర్చున్న తరువాత, దానికి ట్రే జోడించి చిగురు అచ్చును విడిగా తీసుకొంటారు. దంతపంక్తిని అమర్చిన మరునాడు ఒరిపిడి పుండ్లను పరీక్షిస్తారు. దవడగట్టు ఎముక కాలక్రమంలో క్షీణిస్తుంది గనుక, అడుగుభాగాన్ని చిగురుకు తిరిగి సరిపరచే రీలైనింగ్ కూడా ఈ చికిత్సలో భాగమే.