200 గజాల్లో ఇల్లు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో 200 గజాల స్థలం ఉందంటే మధ్యతరగతి మనిషికి అది జీవితకాలపు ధీమా. కింద పోర్షన్ అద్దెకిచ్చి పైన ఉండొచ్చు. కొడుకు పెళ్లయితే మరో అంతస్తు వేసుకోవచ్చు. అమెరికాలో, టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లో మాత్రం మొన్నమొన్నటిదాకా ఆ 200 గజాల్లో ఇల్లు కట్టుకుంటానంటే నగర నిబంధనలు ఒప్పుకునేవి కావు. నివాస ప్రాంతాల్లో అత్యధిక భాగంలో ఒక ఇంటికి కనీసం 5,750 చదరపు అడుగుల స్థలం ఉండి తీరాలి. మన లెక్కలో దాదాపు 640 గజాలు. అంత నేల కొనగలిగినవాళ్లకే ఆ వీధుల్లో చోటు. 2024 మే నెలలో నగర మండలి ఆ హద్దును 1,800 చదరపు అడుగులకు దించింది. అంటే సరిగ్గా 200 గజాలు.

ఎంత స్థలంలో ఎలాంటి ఇల్లు కట్టాలో చెప్పే నిబంధన, ఆ వీధిలో ఎవరు బతకాలో కూడా చెబుతుంది. ఆస్టిన్ చరిత్ర చూస్తే ఈ మాట ఎంత నిజమో తెలుస్తుంది.

1917లో అమెరికా సుప్రీంకోర్టు, ఏ జాతివారు ఏ వీధిలో ఉండాలో నగరాలు చట్టం చేయడం చెల్లదని తీర్పు ఇచ్చింది. ఆస్టిన్ దానికో దొడ్డిదారి వెతికింది. నల్లజాతివారి బడులు, పార్కులు, ఇతర సదుపాయాలన్నీ తూర్పు ఆస్టిన్‌లోనే పెట్టాలని 1928 నాటి నగర ప్రణాళిక సిఫారసు చేసింది. క్లార్క్స్‌విల్, వీట్స్‌విల్ లాంటి పడమటి పేటల్లో బానిసత్వం నుంచి విముక్తులైనవారు కట్టుకున్న ఇళ్లుండేవి. పిల్లల చదువు కోసం, కనీస వసతుల కోసం ఆ కుటుంబాలు తూర్పుకు తరలక తప్పలేదు. క్లార్క్స్‌విల్‌లో మొండిగా మిగిలిపోయినవాళ్లు దశాబ్దాలపాటు మురుగు కాల్వలు, సరైన రోడ్లు లేకుండానే బతికారు. 1960ల మొదట్లో తూర్పు, పడమరల మధ్య ఐ-35 జాతీయ రహదారి పడి ఆ విభజనను కాంక్రీటుతో ఖాయం చేసింది.

ఆస్టిన్ ఆ ప్రణాళిక వేసిన కాలంలోనే, ఎక్కడ ఏం కట్టాలో శాసించే జోనింగ్ చట్టాలు దేశమంతటా పాతుకుపోయాయి. వాటికి పునాది వేసిన 1926 నాటి యూక్లిడ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు అపార్ట్‌మెంట్‌ను విడి ఇళ్ల వీధి మీద పడి బతికే పరాన్నజీవితో పోల్చింది. ఒక్క కుటుంబానికి ఒక్క ఇల్లు, చుట్టూ ఖాళీ స్థలం, ముందు పచ్చిక. ఈ ఒక్క నమూనాకే మైళ్లకు మైళ్లు కేటాయించారు. రెండు పోర్షన్ల ఇల్లు, వరుస ఇళ్లు, నాలుగు వాటాల చిన్న భవనం చాలా వీధుల్లో చట్టవిరుద్ధమైపోయాయి. జాతి పేరెత్తకుండానే, నేల ధరతోనే గేటు వేయడం కుదిరింది.

ఊరు చిన్నదిగా ఉన్నంతకాలం ఈ గేటు అందరికీ కనిపించలేదు. 2010లో ఆస్టిన్ జనాభా 7.9 లక్షలు. 2020 నాటికి 9.6 లక్షలు. ఆపిల్ విస్తరించింది, టెస్లా ఫ్యాక్టరీ పెట్టింది. ఉద్యోగాలతోపాటు మనుషులు వచ్చారు గానీ వాళ్లకు సరిపడా ఇళ్లు రాలేదు. 2022 వేసవికి ముందు ఆస్టిన్ మహానగర ప్రాంతంలో మధ్యస్థ ఇంటి ధర 5.5 లక్షల డాలర్లకు చేరింది. టీచర్లు, నర్సులు, బస్సు డ్రైవర్లు కైల్, బాస్ట్రాప్ లాంటి ఊళ్లకు జరిగి, రోజూ గంటల తరబడి ప్రయాణించి అదే నగరానికి సేవ చేయసాగారు. నగరాన్ని నడిపేవాళ్లకు నగరంలో నీడ లేకపోవడం కంటే అన్యాయం ఏముంటుంది?

మార్చాలన్న ప్రయత్నం తేలిగ్గా సాగలేదు. 1984 నాటి భూ వినియోగ నిబంధనలన్నిటినీ ఒక్కసారిగా తిరగరాయాలని 'కోడ్‌నెక్స్ట్' పేరుతో మొదలుపెట్టి, ఏళ్లు గడిపి, 80 లక్షల డాలర్లకు పైగా ఖర్చుచేసి, 2018లో నగర మండలి చేతులెత్తేసింది. మళ్లీ మొదలుపెడితే కొందరు స్థల యజమానులు కోర్టుకెళ్లారు. ప్రతి యజమానికీ నోటీసు ఇవ్వలేదని, అభ్యంతరం చెప్పే హక్కు కాలరాశారని వాదించి 2020లో గెలిచారు. 2022లో పై కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. సొంతిల్లు ఉన్నవాళ్ల గొంతుకు చట్టంలో ఎంత బలముందో ఆ కేసు చూపించింది. ఇంకా రాని పొరుగువాడికి, అద్దె కట్టలేక వెళ్లిపోయినవాడికి నోటీసు అందుకునే చిరునామాయే ఉండదు.

ఆ తర్వాత మండలి దారి మార్చింది. అంతా ఒకేసారి తిరగరాయకుండా ఒక్కో ముడీ విప్పుకుంటూ వచ్చింది. 2023 నవంబరులో, కొత్త భవనాలకు ఇన్ని కార్ల స్థలం ఉండాలన్న నిబంధనను నగరమంతటా ఎత్తేసింది. డిసెంబరులో 'హోమ్' అనే పథకం మొదటి దశకు 9-2 ఓట్లతో ఆమోదం తెలిపి, ఒక్క ఇల్లే ఉండాల్సిన స్థలంలో మూడిళ్లకు అనుమతించింది. ఓటుకు ముందు వందల మంది వచ్చి మాట్లాడారు. రెండో దశలో 200 గజాల హద్దు. విడి ఇళ్లకు 540 అడుగుల దూరం దాకా పెద్ద భవనాల ఎత్తును అణిచిపెట్టిన నిబంధనను కూడా అప్పుడే 75 అడుగులకు కుదించారు.

ఈ పథకంలో నాకు బాగా నచ్చింది విస్తీర్ణం లెక్క. అదే 5,750 అడుగుల స్థలంలో ఒక్క ఇల్లే కడితే 2,300 చదరపు అడుగులు మించకూడదు. రెండిళ్లయితే కలిపి 3,200. మూడిళ్లయితే కలిపి 4,350. అంటే పాత ఇల్లు కూల్చి ఒక్క ధనవంతుడి కోసం మహల్ లేపే బిల్డర్‌కు దక్కేది తక్కువ, మూడు కుటుంబాలకు చోటిచ్చేవాడికి దక్కేది ఎక్కువ. పాత ఇంటిని నిలుపుకుని పెరట్లో మరోటి కట్టుకుంటే, కొన్ని షరతుల మీద, పాత ఇంటి విస్తీర్ణాన్ని లెక్కలోంచి మినహాయిస్తారు. ఇలా నిబంధనే ప్రజల పక్షాన నిలబడటం అరుదు.

అద్దెలు 2022 శిఖరం నుంచి తర్వాతి మూడేళ్లలో ఐదో వంతుకు పైగా పడిపోయాయి. ఆ ఘనత 'హోమ్'కు కట్టబెట్టలేం. అంతకు ముందే మొదలైన పెద్ద అపార్ట్‌మెంట్లు వేల సంఖ్యలో పూర్తయి మార్కెట్లోకి రావడమే దానికి ప్రధాన కారణం. కానీ ఇళ్లు పెరిగితే అద్దె దిగుతుందా అని అడిగేవాళ్లకు జవాబు అక్కడే ఉంది.

తూర్పు ఆస్టిన్ భయం మాత్రం వేరు, న్యాయమైనది కూడా. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఆ లోటంతా ఆస్తి పన్ను మీద పడుతుంది. మూడిళ్లు పట్టే స్థలమని తేలితే నేల విలువ పెరుగుతుంది, పన్ను పెరుగుతుంది. తాతల నాటి ఇంట్లో పింఛనుతో బతికే ముసలమ్మకు పెరట్లో రెండో ఇల్లు కట్టే హక్కు వచ్చింది గానీ, కట్టడానికి బ్యాంకు అప్పివ్వదు. నగదుతో తలుపు తట్టేది బిల్డరే. ఒకప్పుడు బలవంతంగా తూర్పుకు తోసిన కుటుంబాలను ఇప్పుడు అక్కడి నుంచి కూడా ధరే తోసేస్తే ఈ సంస్కరణ సగం ఓడినట్టే. తక్కువ ఆదాయమున్న యజమానులకు నిర్మాణ రుణం, ప్లాన్ గీయించుకోవడానికి సాయం నగరమే ఇవ్వాలి. అనుమతితో పాటు పెట్టుబడి కూడా అందితేనే హక్కు వాళ్ల చేతికి వచ్చినట్టు.

ఆస్టిన్ చుట్టుపక్కల తెలుగువాళ్లలో చాలామంది ఉండేది నగర హద్దు బయట. రౌండ్‌రాక్, సీడార్‌పార్క్, లియాండర్. అక్కడ ఈ నిబంధనలు చెల్లవు. పైగా కాలనీలను శాసించేవి ఇళ్ల యజమానుల సంఘాల (హెచ్‌ఓఏ) ఒప్పందాలు. స్థలపత్రంలో ఒక్క ఇల్లే అని రాసి ఉంటే, ఆస్టిన్ నగరంలో సైతం మండలి దాన్ని కాదనలేదు. విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉండటానికి వచ్చిన అమ్మానాన్నలకు పెరట్లో చిన్న ఇల్లు వేద్దామన్నా చాలా కాలనీల్లో కుదరదు.

టెక్సస్ శాసనసభ 2025లో చేసిన చట్టం ఆస్టిన్ హద్దు దాటి కాస్త ముందుకెళ్లింది. పెద్ద జనాభా ఉన్న కౌంటీల్లోని, లక్షన్నర జనాభా దాటిన నగరాల్లో, ఐదెకరాలు, ఆపైన కొత్తగా వేసే లేఅవుట్లలో 3,000 చదరపు అడుగుల కంటే పెద్ద స్థలం ఉండాల్సిందేనని నగరాలు పట్టుబట్టడానికి వీల్లేదు. మన లెక్కలో 333 గజాలు. రౌండ్‌రాక్, లియాండర్ ఇంకా లక్షన్నర దాటలేదు కాబట్టి వాటికి వర్తించదు. డాలస్ దగ్గర తెలుగువాళ్లు కిక్కిరిసి ఉండే ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లకు వర్తిస్తుంది. వాటిలో ఫ్రిస్కో ఉత్తర భాగంలో ఇంకా లేఅవుట్ పడని భూములున్నాయి. నిన్నమొన్న ఉద్యోగంలో చేరిన కుర్ర జంట అందుకోగలిగిన ఇల్లు అక్కడ లేస్తుందా లేదా అన్నది బిల్డర్లు తేల్చాలి. నగర నిబంధన మాత్రం ఇక అడ్డు చెప్పదు.