చేపల కుంటకు ఊపిరి పోసే మర

చలికాలం తెల్లవారుజామున నాలుగున్నరకు లాల్‌గడి మలక్‌పేట్‌లో మా పెరట్లోకి వస్తే ఒకటే చప్పుడు వినపడుతుంది, సన్నగా గుయ్‌మని. గోడ మీద పెట్టిన చిన్న గాలి పంపుది ఆ చప్పుడు. దాని గొట్టం టార్పాలిన్ పరిచిన కుంటలోకి దిగుతుంది. నాలుగు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు, మీటరు లోతు. అంటే పదివేల లీటర్ల నీళ్లు. అందులో బొచ్చె, రవ్వ, నాలుగు బంగారుతీగలు.

మొన్న ఆ వేళకే మిన్నెసోటా నుంచి మా మేనకోడలు ఫోను చేసింది. అక్కడ అప్పుడు సాయంత్రం అయిదు, అప్పటికే చీకటి.

"మామా, కుంట మీద మంచు పెంకు కట్టింది. సుత్తితో పగలగొడ్దామనుకుంటున్న."

"సుత్తి పట్టకు బిడ్డా. ఆ దెబ్బ నీళ్లల్ల పాకి చేపలకే తగుల్తది. మసిలే నీళ్ల గిన్నె మంచు మీద పెట్టు, దాని కింద కరిగి చిల్లు పడ్తది. ఆ చిల్లు మళ్ల మూసుకోకుండ పంపు వెయ్యి."

"ఏ పంపు?"

"మా పెరట్ల ఉన్నదే."

ఆమె నమ్మలేదు. నీళ్లు ఎన్నడూ గడ్డకట్టని ఊరి పంపు, నెలల తరబడి గడ్డకట్టే ఊరికి ఎలా పనికొస్తుందని ఆమె అనుమానం. కానీ రెండు చోట్లా చేపకు వచ్చే ఆపద ఒకటే, ఊపిరాడకపోవడం.

నీటికి ఒక విచిత్రమైన గుణం ఉంది. చల్లబడుతున్న కొద్దీ బరువెక్కుతుంది, కానీ 4 డిగ్రీల దాకానే. అంతకంటే చల్లబడితే మళ్లీ తేలికై పైకి వస్తుంది. అందుకే మంచు పైన కడుతుంది, 4 డిగ్రీల నీరు అడుగున నిలుస్తుంది. ఆమె పెంచే కోయి చేపలు మన బంగారుతీగకు దగ్గరి చుట్టాలే. అడుగున కదలకుండా, మేత ముట్టకుండా అవి నెలలు గడపగలవు. చలిని ఓర్చుకుంటాయి. ఓర్చుకోలేనిది పైన పడ్డ మూతను. అడుగున ఆకులు కుళ్లుతూనే ఉంటాయి, ఉన్న ఆక్సిజన్‌ను తినేస్తూనే ఉంటాయి. పుట్టిన చెడు వాయువులకు బయటికి దారి లేదు, కొత్త గాలికి లోపలికి దారి లేదు. వసంతంలో మంచు కరిగాక తేలే చచ్చిన చేపల్లో చాలావరకు ఇలా పోయినవే.

మరి కుంటనే వేడి చేస్తే? లెక్క వేసి చూద్దాం. పదివేల లీటర్ల నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించాలంటే సుమారు 11.6 యూనిట్ల కరెంటు కావాలి. ఆ వేడిని రాత్రి గాలి ఎలాగూ లాగేసుకుంటుంది. అందుకే అక్కడి వాళ్లు కుంటను వేడి చేయాలని చూడరు, మంచులో కిటికీ అంత సందు తెరిచి ఉంచుతారు. తేలే హీటరు పద్ధతి ఒకటి. దాన్ని డీ-ఐసర్ అంటారు. నీరు గడ్డకట్టబోతుంటే అందులోని థర్మోస్టాట్ దాన్ని వెలిగిస్తుంది, కాస్త వేడెక్కగానే ఆపేస్తుంది. ఇంకా చవకైన పద్ధతి గాలి బుడగలు. బుడగ పైకి పోతూ కింది నీటిని వెంట లాక్కుపోతుంది. కదిలే ఆ నీటి మీద మంచు కట్టడం కష్టం. మిన్నెసోటాలో ప్రభుత్వ సరస్సుల్లోనూ చలికాలం ఇలా గాలి కొడతారు, అనుమతి తీసుకుని. అక్కడ మంచు పలచబడింది, నడవొద్దని బోర్డులు పెట్టి తీరాలి.

ఈ మర పుట్టుక వెతుకుతూ పోతే లండన్ చేరతాం. 1853లో అక్కడి జూలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ పుస్తకంతో ఇళ్లల్లో అక్వేరియం పిచ్చి పట్టుకుంది. గాజు తొట్లలో చేపలు చచ్చిపోతుంటే చాలామంది నీళ్లు మార్చేవాళ్లు. విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ దారి మార్చాడు. 1871లో క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియంలో అవే నీళ్లను పంపులతో రాత్రింబవళ్లు తిప్పాడు, ధారగా పడే నీరు తనతో గాలిని కలుపుకుని పోయేలా. నీటిని మార్చనక్కర లేదు, కదిలిస్తే చాలు. నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు ఇదే.

కదిలించడం ఎందుకింత అవసరమంటే, నిలిచిన నీటిలో ఆక్సిజన్ పాకే వేగం గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు తక్కువ. పై పొర నిండా ఆక్సిజన్ ఉన్నా జానెడు కింద చేప ఉక్కిరిబిక్కిరి కావచ్చు. బుడగలోని గాలే చేపకు అందుతుందని చాలామంది అనుకుంటారు. మా కుంట లాంటి తక్కువ లోతులో బుడగ నేరుగా ఇచ్చేది కొంచెమే. కింది నీటిని పైకి తెచ్చి గాలికి చూపించడమే దాని పెద్ద పని.

మన నేల మీద ఈ మర రాజ్యమేలింది కోస్తాలో. నెల్లూరు, భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో రాత్రిపూట నీటిని చిలికే చక్రాలను చూడని వాళ్లుండరు. అక్కడి రైతులు ఏరియేటర్లు అంటారు. 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చాక వాటి అవసరం ఇంకా పెరిగింది. చదరపు మీటరుకు 60 పిల్లల దాకా వేయొచ్చన్నారు మరి. అంత కిక్కిరిసిన చెరువులో కరెంటు పోతే డీజిల్ ఇంజను కోసం పరుగెత్తాల్సిందే, అర్ధరాత్రయినా సరే.

మా ఊరున్న షామీర్‌పేట వైపు డిసెంబరులో చలి వణికిస్తుంది గానీ నీటి మీద మంచు కట్టదు. ఇక్కడ మూత వేసేది రాత్రి. పగలు ఆక్సిజన్ ఇచ్చిన పచ్చని నాచే చీకటి పడ్డాక దాన్ని పీల్చుకుంటుంది. తెల్లవారేముందు నీటిలో మిగిలేది అతి తక్కువ. చలికాలం కొంత నయం, చల్లని నీరు ఆక్సిజన్‌ను ఎక్కువ పట్టుకుంటుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు, ఎండాకాలం 30 డిగ్రీలకు ఏడున్నర మాత్రమే. నా కుంటలో చేపలు పోయింది ఏప్రిల్‌లోనే. రాత్రి కరెంటు పోయింది, నేను నిద్రలో ఉన్నాను. తెల్లారి చూస్తే బొచ్చెలు పైకి మూతి పెట్టి నోళ్లు తెరిచి ఉన్నాయి. సగం చేతికే రాలేదు. పక్క తొట్టిలోని కొర్రమీను మాత్రం నిశ్చింతగా ఉంది. అది పైకి వచ్చి గాలినే పీల్చుకోగలదు.

ఆ తర్వాత పంపును నేనే విప్పి చూశాను. లోపల ఉన్నది కొంచెమే. ఒక తీగ చుట్ట, ఒక చిన్న కమ్మీ, దాని చివర అయస్కాంతం. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. దానితోపాటే అయస్కాంతం ఊగుతుంది. కమ్మీ రబ్బరు గిన్నెను నొక్కి వదులుతుంది, రెండు చిన్న రెప్పలు గాలిని ఒక్క వైపే పోనిస్తాయి. ఆ గుయ్‌మనే చప్పుడు ఈ ఊగులాటదే. రబ్బరు అంచున వెంట్రుకంత చీలిక కనిపించింది. కొత్తది వేశాను. పంపును నీటి మట్టానికి పైన, గోడ మీదికి ఎక్కించాను. కింద ఉంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి పాకి పంపులోకి వస్తాయి. పక్కనే బ్యాటరీతో నడిచే ఇంకోటి పెట్టాను.

మేనకోడలికి చివరగా చెప్పింది ఒక్కటే. "గొట్టం కొసకున్న బుడగల రాయిని అడుగుకు దించకు బిడ్డా, సగం లోతులనే వేలాడదియ్యి. అడుగున ఉన్న ఆ కొంచెం వెచ్చదనం చేపలది."