హృదయ కవాటాలు

‘కవాటం’ అనే సంస్కృత పదానికి తలుపు అని అర్థం. మానవ హృదయంలో అటువంటి తలుపులు నాలుగు ఉన్నాయి. వాటి పలుచని రేకులు రోజుకు సుమారు లక్షసార్లు తెరుచుకొని మూసుకొంటూ రక్తాన్ని ఒకే దిశలో నడిపిస్తాయి.

కొందరికి మహాధమని కవాటంలో మూడు రేకులకు బదులు పుట్టుకతోనే రెండు ఉంటాయి. మరికొందరికి బాల్యంలో వచ్చిన గొంతునొప్పే ముప్పుగా పరిణమిస్తుంది. స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా వల్ల కలిగిన గొంతునొప్పికి సకాలంలో చికిత్స జరగకపోతే రుమాటిక్ జ్వరం రావచ్చు. అప్పుడు దేహరక్షణ శక్తే పొరబడి కవాటాలపై దాడి చేస్తుంది. రేకులు మందమై, అంచులు అతుక్కొని ద్వారం ఇరుకవుతుంది. లేదా అవి సరిగా మూసుకోక రక్తం వెనుకకు మళ్ళుతుంది. ఆయాసం, గుండెదడ, కాళ్ళవాపు దీని లక్షణాలు.

ఇరుకు ఇళ్ళలో ఈ బాక్టీరియా త్వరగా వ్యాపిస్తుంది. అందుచేత సినీ కార్మికులు ఎందరో నివసించే హైదరాబాదులోని కృష్ణానగర్ వంటి చోట్ల, ఒకే గదిలో కాపురముండే కుటుంబాలు పిల్లల గొంతునొప్పిని ఉపేక్షించరాదు. సమీపంలోని పంజాగుట్టలో ఉన్న నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో కవాట వ్యాధులకు చికిత్స లభిస్తుంది. అతుక్కొన్న రేకులను బెలూను సాయంతో విడదీయవచ్చు. పూర్తిగా చెడిన కవాటాన్ని మార్చవచ్చు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ రూపొందించిన స్వదేశీ కవాటాన్ని 1990లో తొలిసారి రోగికి అమర్చారు.

అయితే లోహ కవాటం అమర్చుకొన్నవారు రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మందు వాడాలి. రుమాటిక్ జ్వరం ఒకసారి వచ్చిన పిల్లలకు మూడు, నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ సూదిమందు వేయిస్తే అది తిరిగి రాకుండా కాపాడవచ్చు. జ్వరం తగ్గిందని, బిడ్డ ఆడుకొంటున్నదని, వైద్యుడు చెప్పిన గడువుకు ముందే ఆ మందు మానరాదు.